కుందేలు తినేదాకా

ఆకుపచ్చ చొక్కా వేసుకున్న అమ్మాయి మళ్ళీ వచ్చి, బోను ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఊచల్లోంచి లోపలికి చూసి, లేచి వెళ్ళిపోయింది.   కుందేలు ఇంకా ఏమీ తినలేదు. తినకపోతే విమానం ఎక్కించరట, మేం రాగానే చెప్పింది ఆ అమ్మాయే, నవ్వుతూనే చెప్పింది, ఈ దేశంలో అందరూ అన్నీ నవ్వుతూనే చెబుతారు, కుందేళ్ళు భయపడితే తిండి మానేస్తాయని, మానేస్తే పేగులు ఆగిపోతాయని, ఒక్క పూటలో చచ్చిపోయినా చచ్చిపోవచ్చని, అందుకని డాక్టరు వచ్చేలోపు, అంటే ఇంకో గంటలో, అది కాస్త తిని నాలుగు పెంటికలు వేస్తేనే పంపుతారని. అమ్మ "ఓకే, ఓకే, థాంక్యూ" అంటూ వింది. ఇప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ వైపు చూస్తోంది, ఫోన్‌లో ఏమీ లేదు. ఎండుగడ్డి పెట్టారు, గింజలు పెట్టారు, ఒక క్యారెట్ ముక్క కూడా పెట్టారు, అది వాటి మొహం చూడలేదు. అది కొత్తిమీరకి తప్ప నోరు తెరవదు, అది కూడా నా చేతిలోంచి అయితేనే. నా స్వెటర్ జేబులో, తడి టిష్యూలో చుట్టిన కొత్తిమీర కట్ట ఉంది. "తెచ్చావా?" అని అమ్మ అడిగినప్పుడు మర్చిపోయానన్నాను. ఆ అబద్ధం దానంతటదే వచ్చింది. వచ్చాక, ఎందుకు వచ్చిందా అని కూర్చుని ఆలోచిస్తున్నాను.

పైన విమానం వెళ్ళినప్పుడల్లా రేకులు దడదడలాడతాయి, కుందేలు చెవులు వీపుకి అంటించుకుని ఇంకాస్త చిన్నదైపోతుంది. పెంపుడు జంతువుల్ని విమానాల్లో పంపే ఈ ఆఫీసు గోడల నిండా కుక్కల ఫొటోలు, సముద్రం ఒడ్డున కుక్క, మంచులో కుక్క, ఎక్కడో సోఫా మీద వెల్లకిలా పడుకున్న పిల్లి, అన్నీ క్షేమంగా చేరినవే. ఎదురు కుర్చీలో ఒక ముసలాయన పిల్లిబుట్ట ఒళ్ళో పెట్టుకుని దానికి ఏదో చెబుతున్నాడు, ఎక్కడ దిగుతారో, అక్కడ ఎవరుంటారో అన్నీ వివరంగా చెబుతున్నాడు. పిల్లికి కూడా చెబుతారన్న మాట. నాకు ఎప్పుడు చెప్పారు? అన్నం తింటుంటే చెప్పారు. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చిందని నాన్న చెప్పి అప్పటికే చాలా రోజులైంది, మేముండే టకానినిలో మాతో పాటు ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళు సగం మంది ఇప్పటికే అటు వెళ్ళిపోయారు కాబట్టి అందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, అమ్మా నాన్నా చెల్లీ, వాళ్ళ ముగ్గురికీ ఇక్కడి పాస్‌పోర్టులు ఉన్నాయి, టికెట్ కొనుక్కుని ఎక్కేయొచ్చు. నాది ఇండియా పాస్‌పోర్టు. నాకు వీసా కావాలి, అది వచ్చేసరికి ఏడాది పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. నేనూ ఇక్కడే పుట్టాను, కానీ అప్పటికి వాళ్ళు చదువుకునే వీసా మీద ఉన్నారు కాబట్టి నా పుట్టుక లెక్కలోకి రాలేదు. చెల్లి స్పందన పుట్టేటప్పటికి స్థిరపడ్డారు, అది పుట్టగానే ఇక్కడి మనిషైపోయింది. తర్వాత వాళ్ళిద్దరూ పౌరసత్వం తీసుకున్నారు. అప్పుడు నేను ఇండియాలో, అమ్మమ్మ ఊళ్ళో, జిల్లా పరిషత్ బళ్ళో చదువుతున్నాను, "దానికేం తొందర, తర్వాత చూద్దాం" అనుకున్నారట. ఆ 'తర్వాత' ఇప్పుడొచ్చింది. నాన్న పప్పు కలుపుకుంటూ ఇదంతా చెప్పి, అమ్మ వైపు తిరిగి, "చిన్నది నిన్ను వదిలి ఉండలేదు. పెద్దదానికి అలవాటే" అన్నాడు. అమ్మ ఏదో అనబోయి నాకు పెరుగు వేసింది.

పెద్దదానికి అలవాటే. ఈ మాట నేను ఎన్నోసార్లు తిరగేసి చూశాను, డైరీలో రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. మండే మాట కాదు అది. మంచి మాటలాగే ఉంటుంది. మోయగలిగినవాడి నెత్తినే కదా మూట పెడతారు.

కుందేలు పేరు బిస్కట్. స్పందన పుట్టినరోజుకి కొన్నారు. మొదటి వారం అది దాని ప్రాణం, రెండో వారం నుంచి నా పని. గడ్డి మార్చడం, గూడు కడగడం, చలికి దుప్పటి కప్పడం, వానలో వెనక పెరట్లోకి పరిగెత్తి లోపలికి తేవడం. నాకు అదంటే ఇష్టమని అందరూ అనుకుంటారు. ఇష్టం లేదు. దాని కళ్ళు రెండు పక్కలా ఉంటాయి, ఎటు నుంచి చూసినా ఒక కన్నే నన్ను చూస్తుంది, అందులో ఏమీ ఉండదు. మా ఊళ్ళో వీటిని చెవులపిల్లులంటారు. మిరప తోటల అంచుల్లో వలలు వేసి పట్టి, గోనెసంచిలో వేసుకొచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళు, అమ్మమ్మ అల్లం దండిగా దట్టించి వండేది, ఎముకలు సన్నగా ఉంటాయి, జాగ్రత్తగా తినాలి. ఒకసారి స్పందనతో ఈ మాట చెప్పాను. కావాలనే చెప్పాను. అది అరిచి ఏడ్చి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. పల్లెటూరి మాటలు ఈ ఇంట్లో మాట్లాడొద్దని నాన్న అన్నాడు. అమ్మ మాత్రం మొహం తిప్పుకుంది, నవ్వు దాచుకోవడానికని నాకు అప్పుడే తెలుసు, ఎందుకంటే ఆ కూర అమ్మ కూడా తిన్నదే, ఆ చేతి వంటే, ఆ పీట మీద కూర్చునే. అయినా ఒక్క మాట అనలేదు.

ఈ బోను చూడండి. లోపల అది లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్ళు చాపుకుని పడుకోవాలి, అంత చోటు ఉందో లేదో టేపు పెట్టి కొలిచారు. నీళ్ళ సీసా వంచితే కారుతుందేమోనని మూడు రకాలవి కొని చూశారు. మెడ కింద చర్మంలో గింజంత చిప్, దాని నంబరు చెబితే ప్రపంచంలో ఎక్కడున్నా ఎవరి కుందేలో తెలిసిపోతుంది. బోను మీద ప్రాణమున్న జంతువు అని స్టిక్కరు, ఇటు పైకి అని బాణాలు. విమానం ఎక్కగానే అమ్మ ఫోన్‌కి కబురు, దిగగానే కబురు, నీళ్ళు తాగితే కబురు. ఇంటి మనిషి వాసన ఉన్న బట్ట ఒకటి లోపల వేయమన్నారు, భయపడకుండా ఉంటుందట. అమ్మ స్పందన టీ షర్టు వేసింది, మెరుపుల గుర్రం బొమ్మ ఉన్నది. కుందేలు దాన్ని కాళ్ళతో ఒక మూలకి తోసేసి ఈ మూలన కూర్చుంది. అమ్మ అది చూసింది. నా చున్నీ అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు.

నన్ను ఇండియా పంపినప్పుడు ఏ బట్ట వేశారో. పాకడం కూడా సరిగ్గా రాని వయసట నాది. ఇద్దరికీ రాత్రి షిఫ్టులు, చూసేవాళ్ళు లేరు, తెలుగువాళ్ళ గ్రూపులో అడిగారట, ఎవరైనా ఇండియా వెళ్తున్నారా అని. ఇక్కడ అది మామూలే. మందులు, పచ్చళ్ళు, గాజులు, ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకి తోడు, అన్నిటికీ అలాగే అడుగుతారు, ఎవరో ఒకరు సరే అంటారు. నన్ను తీసుకెళ్ళడానికి సరేనన్నది ఆ గ్రూపులోని లోకేశ్ అంకుల్ వాళ్ళ అత్తగారు. ఆవిడ పేరేంటని అడిగితే అమ్మకి గుర్తు రాలేదు, నాన్నకీ గుర్తు రాలేదు, ముక్కుకి రెండు వైపులా పుడకలుండేవని మాత్రం చెప్పారు. ఆవిడ ఒళ్ళో నేను సింగపూర్ దాకా ఏడ్చానట, ఆ తర్వాత నోరు తెరవలేదట, పాలు పట్టబోయినా తెరవలేదట, హైదరాబాద్‌లో అమ్మమ్మ చేతిలో పెట్టేదాకా అలాగే ఉన్నానట. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఈ కథ చెబుతుంది, మా పెద్దది అంత బుద్ధిమంతురాలండీ అని ముగిస్తుంది, వచ్చినవాళ్ళు నా వైపు చూసి మెచ్చుకుంటారు, నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను. నోరు మూసుకున్న కుందేలుకి డాక్టరుని పిలుస్తారు. నోరు మూసుకున్న పిల్లని బుద్ధిమంతురాలంటారు.

అమ్మమ్మ పోయాక నన్ను ఇక్కడికి తెచ్చుకున్నారు. వచ్చిన కొత్తలో నేనూ తినలేదు. పంతం కాదు, ముద్ద లోపలికి వెళ్ళేది కాదు. అమ్మ అన్నం పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి ఆఫీసుకి వెళ్ళేది. సాయంత్రం వచ్చి పళ్ళెం ఎత్తి చూసేది, అలాగే ఉండేది, చెత్తబుట్ట మూత తెరిచిన చప్పుడు నా గదిలోకి వినబడేది. ఒక్కరోజు కూడా వచ్చి ఎందుకు తినలేదే అని అడగలేదు. రెండు రోజులు చూసి పిజ్జా తెప్పించింది. ఆకలేస్తే అదే తింటుందిలే అని నాన్న అన్నాడు, అతను చెప్పినట్టే అయింది, ఆకలేసింది, తిన్నాను. బళ్ళో నన్ను మ్యాంగో అని పిలుస్తారు, మంగాదేవి అనడానికి వాళ్ళకి నోరు తిరగదు, నేను ఏమీ అనకపోయేసరికి మాస్టర్లు కూడా అదే మొదలుపెట్టారు. నేను ఎప్పుడూ ఏమీ అనను. అనవలసినవన్నీ లోపల వరసగా నిలబడి ఉంటాయి, రైలు వెళ్ళేదాకా టకానిని గేటు దగ్గర నిలబడిపోయిన కార్లలాగా, గేటు మాత్రం ఎత్తరు.

తలుపు తోసుకుని ఇంద్ర ఆంటీ వచ్చింది, చేతిలో మూడు కాగితపు కప్పులు. మా పక్కింటావిడ, ఫిజీ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ ముత్తాతలు మన వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. తెలుగులో నాలుగు మాటలు వచ్చు, అన్నం, నీళ్ళు, అవ్వ, మారమ్మ తల్లి, మిగతాదంతా ఇంగ్లీషూ వాళ్ళ హిందీ. ఈ ఏడాదంతా నేను ఉండబోయేది ఆవిడ ఇంట్లో, ఆవిడ కొడుకు నవనీల్ పెళ్ళై వెళ్ళిపోగా ఖాళీ అయిన గదిలో. ఆవిడ మీద కూడా కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను.

"మహారాజ్‌కి ఇంకా ఉపవాసమేనా?" అంది బోనులోకి వంగి. "మా ఊరు లంబాసాలో అయితే ఈపాటికి నిన్ను కూర చేసేవాళ్ళం, తెలుసా?"

నాకు నవ్వొచ్చింది, మింగేశాను. అమ్మ నవ్వలేదు. డాక్టరు వచ్చేస్తోందనీ, ఇది ఇలాగే ఉంటే తనొక్కతే వెళ్ళాలనీ, స్పందన గోల పెడుతుందనీ ఇంగ్లీషులో చెప్పింది. చెబుతూ ఒకసారి గట్టిగా గాలి పీల్చి నా వైపు చూసింది, మళ్ళీ బోను వైపు తిరిగింది. నా చెయ్యి జేబులో కట్ట మీద ఉంది. కాడలు చల్లగా తగులుతున్నాయి. అప్పుడు తెలిసింది నాకు, ఎందుకు మర్చిపోయానన్నానో. ఇది తినకపోతే అమ్మ వెళ్తుందా, ఆగుతుందా? నా కోసం ఆగమని నేను అడగలేదు. అడగకుండా ఆగుతుందేమోనని చూశాను, సామాను సర్దుతున్నప్పుడు చూశాను, నా మంచం విడదీసి ఇంద్ర ఆంటీ గ్యారేజీలోకి మోసినప్పుడు చూశాను, పోయిన వారం నాన్నా స్పందనా వెళ్ళిపోయి మేమిద్దరమే ఖాళీ ఇంట్లో చాపల మీద పడుకున్నప్పుడు కూడా చూశాను. అప్పుడు కూడా అమ్మ పొద్దున ఏ డబ్బా ఎవరికివ్వాలో మాట్లాడింది. సరే, నా కోసం కాదు. దీని కోసం ఆగుతుందేమో చూద్దాం. ఆగితే ఆగినట్టే కదా, ఎవరి కోసమైతే ఏం. ఇది చచ్చిపోతుందేమో. పోనీ. ఆ కన్ను నన్నే చూస్తోంది, ముక్కు కదులుతోంది, కొత్తిమీర ఎక్కడుందో దానికి తెలుసు, ఊచల దగ్గరికి ఒక అడుగు వేసి ఆగింది. నేను జేబు మీద మోచెయ్యి నొక్కి పెట్టి కిటికీలోంచి బయటి వానని చూశాను.

అమ్మ లేచి ఫోన్ చేసింది. గది మధ్యలో నిలబడి చేసింది, అందరికీ వినబడేలా.

"ఏవండీ, ఇది తినట్లేదండీ... లేదు, పంపరంట... ఎవరికో అప్పజెప్పేసి రమ్మంటే ఎలాగండీ, ప్రాణం కదా. దీన్ని ఇలా వదిలేసి నేనెలా వస్తాను? టికెట్ మార్చండి... ఎన్నాళ్ళని ఏం చెప్పను, రెండు వారాలో, నెలో. అది తినేదాకా ఉంటాను."

నాన్నతో అమ్మ అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. అవతల నాన్న ఏదో అన్నాడు, అమ్మ వినిపించుకోలేదు, స్పందన ఏడుపు వినబడింది, బిస్కట్‌ని ఒంటరిగా వదలొద్దని ఇంగ్లీషులో అరుస్తోంది, "వదల్నులేరా, దాని పక్కనే ఉంటాను" అంది అమ్మ, గొంతు ఎంత మెత్తగా ఉందంటే నేను తల వంచుకున్నాను. నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ ఫోన్ పెట్టేసి కూర్చుంది. ఇంద్ర ఆంటీ అమ్మ భుజం తట్టి, మంచిదైంది, అందరూ మా ఇంట్లోనే ఉండండి, ఈ మహారాజ్‌కి కూడా గది ఉంది అంది.

నేను కోరుకున్నది జరిగింది. ఇంత తేలిగ్గా. ఒక గుప్పెడు కొత్తిమీర దాచితే జరిగింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు, అమ్మ ఫోన్‌లో అన్న మాటే మళ్ళీ మళ్ళీ వినబడింది. దీన్ని ఇలా వదిలేసి నేనెలా వస్తాను. ఆ మాట అమ్మకి వచ్చు. ఇన్నేళ్ళూ రాదేమో అనుకున్నాను, వచ్చు, తడబడకుండా, గది మధ్యలో నిలబడి అనగలదు. విమానాశ్రయంలో ముక్కుపుడకల ఆవిడ చేతుల్లో నన్ను పెట్టిన రోజు అనలేదు, పప్పు ముందు కూర్చున్న రోజు అనలేదు. ఇక ఈ నెలంతా ఎలా ఉంటుందో కనిపించింది నాకు. నవనీల్ గదిలో అమ్మా నేనూ, మధ్యలో ఇది. పొద్దున లేచి అమ్మ దాని గిన్నె చూస్తుంది, తిందా లేదా, పెంటికలు వేసిందా లేదా. నా వైపు తిరిగి నవ్వితే అది దీని పుణ్యం. నాకు అన్నం కలిపి పెట్టినా అది దీని ఎంగిలి. ఇది తిన్న మర్నాడు వెళ్ళిపోతుంది. అంటే నేను రోజూ దీన్ని మాడ్చాలి, అమ్మని ఉంచుకోవడానికి రోజూ ఒక ప్రాణిని మాడ్చాలి, అమ్మ రోజూ దాని కోసం కుమిలిపోవాలి, నేను పక్కన కూర్చుని చూడాలి. అక్కర్లేదు. ఆ ప్రేమ అందరూ తిన్నాక నాకు మిగిలిన ముక్క. అక్కర్లేదు నాకు.

లేచి బోను ముందు కూర్చున్నాను. జేబులోంచి కట్ట తీసి, టిష్యూ విప్పి, నాలుగు కాడలు ఊచల్లోంచి పెట్టాను. అది ఒక్క గెంతులో వచ్చింది. ముందు ఆకు, తర్వాత కాడ, పళ్ళు కటకటమని ఆడుతున్నాయి, ఇంకో నాలుగు పెట్టాను, వేలు కొరికింది, తీయలేదు. ఆకుపచ్చ చొక్కా అమ్మాయి చప్పట్లు కొట్టి డాక్టరుని పిలవడానికి పరిగెత్తింది. డాక్టరు వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది, చెవులకి గొట్టాలు తగిలించుకుని వింది, కింద పడ్డ పెంటికలు చూసి బొటనవేలు పైకెత్తి చూపించింది. విమానానికి సరేనంది. ఇంద్ర ఆంటీ నా చేతిలోని కట్ట వంకా అమ్మ వంకా చూసి, కారు అటు పెట్టాలంటూ బయటికి వెళ్ళిపోయింది.

అమ్మ కుందేలుని చూడట్లేదు. నన్ను చూస్తోంది.

"ఇందాకట్నుంచీ వాసన వస్తూనే ఉందే" అంది మెల్లగా. "కారులోనే వచ్చింది. నాకు తెలియదనుకున్నావా?"

నేను తడి టిష్యూని మడత పెట్టి జేబులో వేసుకున్నాను.

"మీ నాన్న ఒప్పుకున్నారు కదే. ఇంకో పది నిమిషాలు ఆగలేకపోయావా? ఎందుకు పెట్టావు ఇప్పుడు?"

తెలుసు. అమ్మకి మొదటి నుంచీ తెలుసు. నేను దాచానని తెలుసు, ఎందుకు దాచానో తెలుసు, తెలిసే గది మధ్యలో నిలబడి ఆ ఫోన్ చేసింది. ఆగాలని ఉండే చేసింది. నేను ఒకవైపూ తనొకవైపూ కూర్చుని, ఒకరికి ఒకరం చెప్పుకోకుండా, ఆ ప్రాణిని కలిసి మాడ్చాం. ఈ సంగతి తెలిసినందుకు నా మనసు కరగాలి, అలాగే కదా జరగాలి, ఒక్క క్షణం కరగబోయింది కూడా. అంతలోనే ఇంకా గట్టిపడింది. ఆగాలని ఉంది, అయినా కుందేలు కావలసి వచ్చింది.

"నా కోసం ఆగుతానని చెప్పొచ్చుగా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఎదురుగా ముసలాయన పిల్లితో మాట్లాడటం ఆపాడు.

"అలా అంటే మీ నాన్న ఒప్పుకోరమ్మా. నీకు తెలీదా?"

"అడిగావా?"

అమ్మ ఫోన్ వైపు చూసింది. వేలితో తాకింది, వెలిగింది, స్పందన ఫొటో, దాని ఒళ్ళో కుందేలు. నేను చూస్తూ నిలబడ్డాను, ఇప్పుడైనా నొక్కుతుందేమోనని, ఇంకా సమయం ఉంది, నాన్న అవతల ఫోన్ పట్టుకునే ఉంటాడు, మూడు ముక్కలు చాలు. తెర కాసేపటికి దానంతటదే ఆరిపోయింది. అమ్మ దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగింది. ఆకుపచ్చ చొక్కా అమ్మాయి బోనుని చక్రాల బండి మీద పెట్టి, ప్లాస్టిక్ తెరలు తోసుకుంటూ లోపలికి తీసుకుపోయింది. తెరలు ఒకదానికొకటి తగులుకుంటూ ఊగి, ఆగాయి.

బయట ఇంద్ర ఆంటీ హారన్ ఒకసారి కొట్టింది. అమ్మని టెర్మినల్ దగ్గర దింపి, మేం ఇంటికి వెళ్ళాలి. అమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా తల నిమరబోయి, నేను వెనక్కి జరిగితే ఆ చేతిని కుర్చీ వీపు మీద పెట్టుకుంది. టెర్మినల్ దాకా నేను రానని, ఇక్కడే ఉంటానని, ఆంటీని తిరిగొచ్చి తీసుకెళ్ళమని చెప్పాను. అమ్మ తల ఊపింది. తలుపు దగ్గర ఆగింది.

"వెళ్ళొస్తానే" అంది.

"వెళ్ళు" అన్నాను.